వైకల్యం, ఆరోగ్యం: ఏ పరిశోధన ముందు, ఆ వరస ఎవరు వేయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ మొదలుపెట్టారు. వైకల్యం ఉన్నవారి ఆరోగ్యం మీద పని చేయాలని ఉంది. కారణాలు, నివారణ, కొత్త పరికరాలు, ఆసుపత్రి సేవలు, జనాభా లెక్కలు, ఇన్నింటిలో దేన్ని ముందు పట్టుకోవాలో తేలడం లేదు. పోనీ వైకల్యం ఉన్నవారినే అడుగుదామంటే "అది శాస్త్రం కాదు, అభిప్రాయ సేకరణ" అని మీ గైడ్ అన్నారు.

సూటిగా చెప్తాను. అందరికీ అందే మామూలు వైద్యం వైకల్యం ఉన్న మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ ఆగిపోతోంది, ఏం మారిస్తే అందుతుంది అన్న ప్రశ్నే అన్నిటికన్నా ముందు. ఆ పెద్ద ప్రశ్న కింద ఏ చిన్న ప్రశ్న ముందో మీరూ నేనూ ఒంటరిగా తేల్చలేం. ఆ బతుకు బతుకుతున్నవాళ్లతో కూర్చుని తేల్చాలి. దానికి పద్ధతి ఉంది, ఆ పద్ధతి శాస్త్రమే. మీ గైడ్ అభ్యంతరానికి కింద జవాబు రాశాను.

నేను ఫిజియోథెరపిస్టుగా మొదలయ్యాను. వెన్నుపాము గాయాల వార్డులో తొమ్మిదేళ్లు చేశాక పరిశోధన వైపు వచ్చి 17 ఏళ్లయింది. కాబట్టి నా ఉదాహరణలు కదలికకు సంబంధించిన వైకల్యాల వైపు మొగ్గుతాయి. చదివేటప్పుడు అది గుర్తుంచుకోండి.

ఎందుకలా అంటున్నానో చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 చివర్లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు 130 కోట్ల మందికి, అంటే జనాభాలో 16 శాతానికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. ప్రతి ఆరుగురిలో ఒకరు. వారిలో కొందరు మిగతావారికన్నా 20 ఏళ్ల వరకూ ముందే చనిపోతున్నారు. డిప్రెషన్, ఆస్తమా, మధుమేహం, పక్షవాతం, ఊబకాయం, పళ్ల జబ్బులు వచ్చే ముప్పు వారికి రెట్టింపు. ఈ జాబితా మరోసారి చూడండి. ఇందులో చాలావాటికి మందు ఉంది, నివారణ ఉంది, ఎలా చేయాలో వైద్యానికి ఎప్పటినుంచో తెలుసు. వెన్నుపాము దెబ్బతిన్నవాడికి పన్ను పుచ్చితే ఆ పుచ్చుకు వెన్నుపాముతో సంబంధం లేదు. డాక్టరు కుర్చీ దాకా చేరలేకపోవడంతో సంబంధం ఉంది.

ఆ 20 ఏళ్లలో కొంత భాగం అసలు వైకల్యానికి కారణమైన జబ్బు వల్ల పోతుంది, నిజమే. కొంత పేదరికం, చదువు లేకపోవడం, ఒంటరితనం వల్ల పోతుంది. మిగిలినది ఆరోగ్య వ్యవస్థ చేతులారా పోగొట్టేది. ఇంగ్లండ్ నైరుతి ప్రాంతంలో 2010 నుంచి 2012 దాకా మేధో వైకల్యం ఉన్న 247 మంది మరణాలను ఒక్కొక్కటిగా విప్పి చూశారు. 2013లో నివేదిక వచ్చింది. సాధారణ జనాభాతో పోలిస్తే మగవాళ్లు 13 ఏళ్లు, ఆడవాళ్లు 20 ఏళ్లు ముందే చనిపోయారు. ఆ మరణాల్లో చాలా వాటి వెనక ఆలస్యమైన రోగనిర్ధారణ, చేయని పరీక్ష, పట్టించుకోని కుటుంబం మాట ఉన్నాయి. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. సగటులు తీసి ఊరుకోకుండా, ప్రతి మరణం దగ్గరా ఆగి "ఇక్కడ ఏం జరిగి ఉంటే ఈ మనిషి బతికేవాడు" అని అడిగారు.

నేను దగ్గరగా చూసినదొకటి చెప్తాను. మాట రాని ఒక యువకుడు, ముప్పై దాటాయి, మేధో వైకల్యం ఉంది. నాలుగు నెలలుగా కుడి చెంప మీద తనను తాను కొట్టుకుంటున్నాడు. "ఇలాంటివాళ్లు అలాగే చేస్తారు" అని మత్తు మందు మోతాదు పెంచుకుంటూ పోయారు. తల్లి మాత్రం "వీడికి ఎక్కడో నొప్పిగా ఉంది బాబూ" అని ప్రతిసారీ చెప్తూనే ఉంది. చివరికి ఒకరు నోరు తెరిపించి చూస్తే దవడ పన్ను కింద చీము. పన్ను తీశాక వారంలో కొట్టుకోవడం ఆగిపోయింది. లక్షణాన్నంతా వైకల్యం ఖాతాలో రాసేసి అసలు జబ్బును వదిలేసే ఈ పొరపాటుకు 1982లోనే మనస్తత్వవేత్త స్టీవెన్ రైస్, ఆయన సహచరులు పేరు పెట్టారు. తెలుగులో దాన్ని "వైకల్యం నీడలో రోగం దాగిపోవడం" అనుకోవచ్చు. పేరు పెట్టి నలభై ఏళ్లు దాటింది. అది జరుగుతోందని చూపే వ్యాసాలు బోలెడు. ఏ శిక్షణ ఇస్తే, ఏ పరీక్షాపత్రం వాడితే, తల్లి మాటను ఏ రూపంలో కేస్ షీటులోకి ఎక్కిస్తే అది తగ్గుతుందో కొలిచిన పని మాత్రం చాలా తక్కువ.

అందుకే నా మొదటి సలహా: అడ్డంకులున్నాయని నిరూపించే పరిశోధన ఇంకొకటి చేయకండి. ఒక అడ్డంకి తీసి చూడండి, ఏం మారిందో కొలవండి. మెట్లు, ఎత్తైన పరీక్షా బల్ల, సైగ భాష తెలియని సిబ్బంది, ప్రయాణం కష్టం. ఈ పట్టిక నేను విద్యార్థిగా ఉన్నప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. కొత్త ఊరు మార్చి, కొత్త నమూనా తీసుకుని అదే పట్టిక మళ్లీ రాస్తే డిగ్రీ వస్తుంది, ఎవరికీ మేలు జరగదు.

అడ్డంకి తీయడమంటే పెద్ద పనేమీ కానక్కర్లేదు. ఒకసారి మేము వీల్‌చైర్ వాడేవారి కేస్ షీట్లు తిరగేస్తుంటే బరువు గడిలో వరసగా ఐదారు విజిట్లకు ఒకే అంకె కనిపించింది. నర్సును అడిగితే దాపరికం లేకుండా చెప్పింది: "నిలబడలేనివాళ్లను ఎలా తూచమంటారు? మొదటిసారి వాళ్లు చెప్పిందే రాసుకుంటున్నాం." మందుల మోతాదు, మత్తు ఇంజెక్షన్ లెక్క, పోషణ అంచనా అన్నీ ఆ చెప్పుడు అంకె మీదే నడుస్తున్నాయి. వీల్‌చైర్‌తో సహా ఎక్కే తూకం బల్ల ఒకటి పెట్టించాం. మొదటి నెలలోనే ఒకామె తొమ్మిది కిలోలు తగ్గిందని తెలిసింది. ఎందుకు తగ్గిందో వెతకడం అప్పుడు మొదలైంది. తూకం బల్ల పెట్టడం పరిశోధన ఎలా అవుతుందని అనుకోకండి. పెట్టక ముందు, పెట్టిన తర్వాత ఎంతమంది బరువు నిజంగా నమోదైంది, ఎన్ని మోతాదులు మారాయి, ఆరు నెలల తర్వాత ఆ బల్ల ఇంకా వాడుకలో ఉందా లేక మూలన పడిందా, ఇవన్నీ కొలవాల్సిన ప్రశ్నలే. ఆ చివరి ప్రశ్నలోనే సగం పరిశోధన ఉంది.

ఇక ఎవరిని అడగాలి అన్న విషయం. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, అది నా తప్పు నుంచి వచ్చింది. నా మొదటి అధ్యయనంలో వెన్నుపాము గాయం తర్వాత పది మీటర్ల నడక వేగాన్ని కొలిచాను. ఆర్నెల్లు, చాలా శ్రద్ధగా, స్టాప్‌వాచ్ పట్టుకుని. ముగింపు రోజున ఒకాయన నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మీరు ఆర్నెల్లుగా నా నడక కొలుస్తున్నారు. ఒంటేలు ఎప్పుడొస్తుందో తెలియక నేను గడప దాటి రెండేళ్లయింది. ఆ సంగతి ఒక్కసారీ అడగలేదేమండీ?" నిజంగానే అడగలేదు. నా ఫారంలో ఆ గడే లేదు.

తర్వాత చదువుకుంటే తెలిసింది, ఇది ఆయన ఒక్కడి మాట కాదని. 2004లో కిమ్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త, ఆమెకూ వెన్నుపాము గాయమే, 681 మంది వెన్నుపాము గాయం ఉన్నవారిని "ఏది తిరిగి వస్తే మీ జీవితం ఎక్కువ మెరుగవుతుంది" అని అడిగి ఫలితాలు ప్రచురించింది. చేతులు కూడా దెబ్బతిన్నవారు చేతి పనితనాన్ని ముందు పెట్టారు. కాళ్లు మాత్రమే దెబ్బతిన్నవారు లైంగిక సామర్థ్యాన్ని ముందు పెట్టారు. మల మూత్రాల నియంత్రణ రెండు వర్గాలకూ ముఖ్యమే. మనమంతా ప్రథమ స్థానం ఖాయమనుకునే నడక ఏ వర్గంలోనూ మొదటిది కాదు. బయటినుంచి చూసేవాడికి కనిపించేది వీల్‌చైర్. అందులో కూర్చున్న మనిషికి తెలిసేది రాత్రి తడిసిన పక్క.

ఆటిజం రంగంలోనూ ఇదే కథ. బ్రిటన్‌లో ఆటిజం పరిశోధన నిధులు ఎటు పోతున్నాయో 2014లో లెక్క తీస్తే సగానికి పైగా మెదడు, జీవశాస్త్రం, గ్రహణ ప్రక్రియల వైపే వెళ్తున్నాయి. 2016లో ఆటిజం ఉన్నవారు, కుటుంబాలు, వైద్యులు కలిసి వేసిన వరసలో మొదటి స్థానంలో నిలిచింది మానసిక ఆరోగ్యం: ఆందోళన, కుంగుబాటు తగ్గించడానికి ఏం పనిచేస్తుంది అన్నది. మెదడు మీద పరిశోధన వద్దని ఎవరూ అనలేదు. తమను ఈ రోజు బాధపెడుతున్నదేమిటో వాళ్లు చెప్పారు.

మీ గైడ్‌కు ఇక్కడే జవాబు ఉంది. పైన చెప్పిన ఆటిజం వరస వేసింది జేమ్స్ లిండ్ అలయన్స్ అనే బ్రిటిష్ సంస్థ పద్ధతిలో. 2004 నుంచి నడుస్తోంది. రోగులు, సంరక్షకులు, వైద్యులు సమానంగా ఒక బృందమవుతారు. ముందు సర్వే పెట్టి జవాబు దొరకని ప్రశ్నలన్నీ పోగేస్తారు. వాటిలో ఇప్పటికే పరిశోధన జవాబు చెప్పేసిన ప్రశ్నలను క్రమబద్ధమైన సమీక్షలతో, అంటే అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి బేరీజు వేసిన వ్యాసాలతో, సరిచూసి తీసేస్తారు. మిగిలినవాటికి ఒక మధ్యంతర వరస, ఆ తర్వాత వర్క్‌షాపులో ముఖాముఖి కూర్చుని మొదటి పది. ప్రతి మెట్టూ రాతలో ఉంటుంది, ఎవరైనా తప్పు పట్టవచ్చు. పరిశోధకుడు తనకు తోచిన అంశం ఎంచుకున్నప్పుడు ఈ పారదర్శకతలో పదో వంతు కూడా ఉండదు. ఇంకొక మాట కూడా ఆయనతో అనండి: 2009లో ఇయాన్ చామర్స్, పాల్ గ్లాజియో అనే పరిశోధకులు వైద్య పరిశోధన మీద పెట్టే పెట్టుబడిలో దాదాపు 85 శాతం వృథా అవుతోందని అంచనా వేశారు. వృథా ఎక్కడ మొదలవుతుందో చెప్తూ వాళ్లు మొట్టమొదట పెట్టిన మెట్టు రోగులకు అక్కరలేని ప్రశ్నలు అడగడం.

మేము నడిపిన ఒక వర్క్‌షాపు సంగతి చెప్పాలి, ఎందుకంటే ప్రశ్న ఎలా రూపం మార్చుకుంటుందో అక్కడ చూశాను. డాక్టర్లు, థెరపిస్టులు తెచ్చిన పట్టికలో "పడకపుండ్ల నివారణ సూచనలను కుటుంబాలు ఎందుకు పాటించడం లేదు" అని ఉంది. వెన్నుపాము గాయం ఉన్న ఒక కుర్రాడి తల్లి లేచి, "రెండు గంటలకోసారి తిప్పమన్నారు. నాలుగేళ్లుగా నేను రాత్రి మూడు గంటలు ఏకబిగిన పడుకోలేదు. రెండు గంటలే ఎందుకు? మూడైతే ఏమవుతుంది?" అంది. గదిలో జవాబు చెప్పగలిగినవారు లేరు. 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగం ఉంది. నర్సింగ్ హోముల్లోని వృద్ధులను మంచి ఫోమ్ పరుపుల మీద 2, 3, 4 గంటల విరామాలతో తిప్పితే పుండ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ ఆ వృద్ధులు వేరు, ఇంట్లో మామూలు పరుపు మీద స్పర్శ తెలియని శరీరంతో పడుకునే ఇరవై ఏళ్ల కుర్రాడు వేరు. ఆ ఫలితాన్ని నేరుగా వాడలేం, వాడకూడదు కూడా. అంటే అది నిజమైన పరిశోధన ప్రశ్న. "కుటుంబాలు ఎందుకు వినడం లేదు" అని మొదలైనది సాయంత్రానికి "ఇంట్లో ఎంత విరామం సురక్షితం, తల్లి నిద్ర ఎంత మిగులుతుంది" అని మారింది. ఆ తల్లి లేకపోతే అది మారేది కాదు.

అయితే గదిలో ఎవరున్నారన్నదాన్ని బట్టే వరస వస్తుంది, ఇది మరిచిపోకండి. మాట్లాడగలిగినవారు, చదువుకున్నవారు, సంఘాల్లో ముందుండే మగవారు తేలిగ్గా వస్తారు. మేధో వైకల్యం ఉన్నవారు, తీవ్రమైన మానసిక సమస్యలతో ఉన్నవారు, చూపూ వినికిడీ రెండూ లేనివారు, మంచం దిగలేనివారు రారు. వాళ్లు రాలేదంటే వాళ్లకు ప్రశ్నలు లేవని కాదు, మన పిలుపు వాళ్లకు చేరలేదని. బొమ్మలతో సులభ భాషలో రాసిన పత్రం, సైగ భాష దుబాసీ, తోడు వచ్చేవారి ఖర్చు, మధ్యలో విశ్రాంతి, ఇవన్నీ బడ్జెట్‌లో మొదటి రోజే రాయాలి. వాళ్ల సమయానికి డబ్బు కూడా ఇవ్వాలి. మీకు ఫెలోషిప్ వస్తుంది కదా, వాళ్లు మాత్రం ఉచితంగా ఎందుకు రావాలి?

ఇప్పుడు, నన్ను అడిగితే ముందు వరసలో ఏ అంశాలు పెడతానో చెప్తాను. అడ్డంకి తీసి కొలవడం గురించి చెప్పేశాను. మిగిలినవి కొన్ని.

మామూలు వైద్య ప్రయోగాల్లో వైకల్యం ఉన్నవారిని చేర్చడం. ఒకసారి ఒక ఎథిక్స్ కమిటీలో మధుమేహం ఉన్నవారి పాదాల సంరక్షణ మీద ప్రొటోకాల్ (ప్రయోగ ప్రణాళిక) చదువుతున్నాను. మినహాయింపుల్లో, అంటే ప్రయోగంలో చేర్చుకోనివారి జాబితాలో, "చూపు లేనివారు" అని ఉంది. మధుమేహమే కంటిచూపు తీసేసే జబ్బు. తన పాదం మీద పుండు తాను చూసుకోలేని మనిషికే ఆ సలహా ఎక్కువ అవసరం. ఎందుకు తీసేశారని అడిగితే, పాత ప్రొటోకాల్ నుంచి ఆ పేరా అలాగే తెచ్చుకున్నామన్నారు. "సమ్మతి ఇవ్వలేనివారు", "సమాచారం చెప్పలేనివారు", "స్వతంత్రంగా నడవలేనివారు" అన్న మూడు వాక్యాలు ప్రొటోకాల్ నుంచి ప్రొటోకాల్‌కు ప్రయాణిస్తూ కోట్లమందిని సాక్ష్యాధారం బయట నిలబెడుతున్నాయి. తర్వాత మనమే "ఈ వర్గంలో ఈ మందుకు ఆధారాలు లేవు" అంటాం. సమ్మతి విషయంలో జాగ్రత్త అవసరమే, బలవంతపు ప్రయోగాల చరిత్ర చిన్నది కాదు. కానీ సులభ భాషలో వివరించి, నమ్మకస్తుణ్ని పక్కన ఉంచి, ఎప్పుడైనా వెళ్లిపోయే వీలు కల్పిస్తే ఎంతమంది తమంతట తామే నిర్ణయం చెప్పగలరో చూడటం కూడా పరిశోధనే.

వైకల్యంతో వయసు మళ్లడం. దీన్ని ఎక్కువమంది తాకరు. పుట్టుకతోనే ఒక క్రోమోజోము అదనంగా ఉండే డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి ఆయుష్షు అమెరికాలో 1983 ప్రాంతంలో సగటున 25 ఏళ్లు. ఇప్పుడు సుమారు 60. గుండె ఆపరేషన్లు, ఇళ్లలో పెంపకం, మంచి వైద్యం ఇచ్చిన వరం అది. ఆ వరంతో పాటు 21వ క్రోమోజోము మూడో ప్రతి మోసుకొచ్చే అల్జీమర్స్ కూడా ముందే వస్తోంది. చూసుకునే తల్లిదండ్రులకు అప్పటికి ఎనభై దాటుతాయి. సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలిక కష్టమయ్యే వైకల్యం) మీద పుస్తకాలన్నీ పిల్లల గురించే, కానీ ఆ పిల్లలు నలభైల్లోకి, యాభైల్లోకి వస్తున్నారు. కీళ్ల నొప్పులతో, అలసటతో, అప్పటిదాకా నడిచిన నడక పోగొట్టుకుని వస్తున్నారు. వాళ్లకు పిల్లల డాక్టరు ఇక చూడడు, పెద్దల డాక్టరుకు తెలియదు. మీకు అంశం కావాలంటే ఇది సారవంతమైన నేల.

లెక్కలు. ఇది పొడిగా అనిపిస్తుంది, కానీ లెక్క లేకపోతే తేడా ఉందనే తెలియదు. కోవిడ్ మొదటి ఏడాది ఇంగ్లండ్‌లో ఆ వ్యాధితో చనిపోయిన ప్రతి పది మందిలో దాదాపు ఆరుగురు వైకల్యం ఉన్నవారని గణాంక శాఖ బయటపెట్టింది. వాళ్లలో వృద్ధులు ఎక్కువ కాబట్టి కొంత తేడా వయసు వల్లే. వయసు, ఇతర కారణాలు తీసేసినా తేడా పూర్తిగా పోలేదు. ఈ సంగతి బయటపడింది ఎలాగంటే, 2011 జనగణనలో వైకల్యం గురించి ఒక ప్రశ్న ఉంది, దాన్ని మరణాల నమోదుతో కలపగలిగారు. ఆ ప్రశ్న లేని చోట్ల అంతే జరిగి ఉండవచ్చు, ఎవరికీ కనబడలేదు. వైకల్యం ఉన్నవారి హక్కుల మీద 2006 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం 31వ అధికరణంలో ఈ లెక్కలు సేకరించడం ప్రభుత్వాల బాధ్యత అని రాసి ఉంది. ఆరోగ్యం గురించి 25వ అధికరణం, అది కూడా చదవండి.

మీరు ఏ అంశం మీద సర్వే చేసినా, అది మలేరియా అయినా సరే, వైకల్యం గణాంకాల కోసం 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ అనే అంతర్జాతీయ బృందం తయారుచేసిన ఆరు ప్రశ్నలు చేర్చండి. చూడటం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుపెట్టుకోవడం లేదా ఏకాగ్రత, ఒళ్లు కడుక్కోవడం లేదా బట్టలేసుకోవడం, మాట అర్థం చేయడం, చేసుకోవడం. ప్రతిదానికీ నాలుగు జవాబులు: ఇబ్బంది లేదు, కొంత ఇబ్బంది, చాలా ఇబ్బంది, అసలు చేయలేను. కనీసం ఒకదానిలో "చాలా ఇబ్బంది" లేదా "అసలు చేయలేను" అన్నవారిని వైకల్యం ఉన్నవారిగా లెక్కిస్తారు. రెండు నిమిషాల పని. ముందుమాటలో "వైకల్యం" అన్న పదమే రాకూడదు, వస్తే సిగ్గుతోనో భయంతోనో చాలామంది "లేదు" అంటారు. పరిమితులూ ఉన్నాయి. మానసిక సమస్యలు ఈ ఆరింటిలో చాలావరకు జారిపోతాయి, దానికి విస్తరించిన పత్రం ఉంది. చిన్న పిల్లలకు ఇది సరిపోదు, వారికి యూనిసెఫ్‌తో కలిసి చేసిన వేరే పత్రం వాడాలి. ఇంకా, జవాబు ఎవరు చెప్తున్నారో రాసుకోండి. ఒక ఇంట్లో వినపడని అమ్మాయి తరఫున అన్నయ్య "దానికేం, బాగానే ఉంది" అని ఆరోగ్యం ప్రశ్నలన్నీ టిక్కు పెట్టించాడు. దుబాసీతో మళ్లీ వెళ్తే ఆమె నిద్రపట్టక ఆర్నెల్లుగా ఏడుస్తున్నానని చేతులతో చెప్పింది. ఒకే మనిషి, రెండు డేటాసెట్లు.

పరికరం చేతికిచ్చిన తర్వాత ఏమవుతోంది. 250 కోట్లమందికి కనీసం ఒక సహాయక పరికరం అవసరమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి చెప్పాయి. కళ్లద్దాలు, వినికిడి యంత్రాలు, వీల్‌చైర్లు, కృత్రిమ కాళ్లు అన్నీ కలిపి. కొత్త పరికరం కనిపెట్టడానికి నిధులు దొరుకుతాయి. ఉన్న వీల్‌చైర్ ఎందుకు ఆరు నెలలకే మూలపడింది, చక్రం విరిగితే బాగుచేసేదెవరు, కొలత సరిపోని కుర్చీ వల్ల ఎన్ని పుండ్లు వచ్చాయి అన్నదానికి దొరకవు. ఇంత చిన్న ప్రశ్న పీహెచ్‌డీకి సరిపోతుందా అనుకోవద్దు, సరిపోతుంది.

ఇక నివారణ గురించి, ఎందుకంటే మీ ప్రశ్న మొదట్లోనే అది ఉంది. పోలియో టీకా, రోడ్డు భద్రత, ప్రసవ సమయంలో జాగ్రత్తలు, ఇవన్నీ విలువైన పనులు. నేను వాటికి వ్యతిరేకిని కాను. నా అభ్యంతరం ఒక్కటే: ఆ పనిని "వైకల్యం పరిశోధన" అనే గంపలో వేస్తే గంపంతా అదే నిండుతుంది. నివారణ పరిశోధన ఇంకా వైకల్యం రానివారికి మేలు చేస్తుంది. ఇప్పటికే ఉన్నవారికి దానివల్ల ఒరిగేది తక్కువ. గంపలు వేరు చేసి, దేనికెంతో బయటికి చెప్తే చాలు. కోలుకునే చికిత్సల విషయంలోనూ అంతే. వెన్నుపాము తిరిగి అతికే రోజు రావాలని నేనూ కోరుకుంటాను. ఆ రోజు దాకా బతికి ఉండాలంటే మూత్రపిండాలు బాగుండాలి, పుండ్లు పడకూడదు.

కొలబద్దల గురించి ఒక హెచ్చరిక. జీవన నాణ్యత కొలిచే ప్రశ్నపత్రాలు చాలావాటిలో నడవలేకపోతే మార్కులు వాటంతట అవే తగ్గుతాయి. 1999లో అల్‌బ్రెక్ట్, డెవ్‌లీగర్ అనే పరిశోధకులు తీవ్రమైన వైకల్యం ఉన్నవారితో మాట్లాడితే సగానికి పైగా తమ జీవితం బాగుందని, చాలా బాగుందని చెప్పారు. అదే అమెరికాలో 714 మంది డాక్టర్లను లీసా ఐజోనీ అనే పరిశోధకురాలి బృందం సర్వే చేసి 2021లో ప్రచురిస్తే, తీవ్ర వైకల్యం ఉన్నవారి జీవన నాణ్యత మిగతావారికన్నా తక్కువేనని 82 శాతం మంది అన్నారు. వారికి అదే స్థాయి వైద్యం ఇవ్వగలమన్న గట్టి నమ్మకం ఉన్నవారు 41 శాతమే. ఈ రెంటి మధ్య దూరం ఉత్త అభిప్రాయ భేదం కాదు. పడకలు తక్కువై ఎవరికి ఐసీయూ ఇవ్వాలో తేల్చాల్సిన రాత్రి ఆ అభిప్రాయమే నిర్ణయమవుతుంది. డాక్టర్ల ఈ నమ్మకం ఎలా ఏర్పడుతుంది, ఏం చేస్తే మారుతుంది అన్నది నా దృష్టిలో మొదటి ఐదింటిలో ఉండాల్సిన ప్రశ్న. వైద్య విద్యార్థుల చేత ఒకరోజు కళ్లకు గంతలు కట్టించే కార్యక్రమాలు చూశాను. అవి భయం పెంచుతాయే తప్ప నైపుణ్యం పెంచవని నా అనుభవం. వైకల్యం ఉన్నవారే పాఠం చెప్పే తరగతుల ఫలితాన్ని ఏడాది తర్వాత కొలవండి, తరగతి అయిన సాయంత్రం కాదు.

మీరు చివర్లో అడిగారు, మీకు వైకల్యం లేదు కదా, ఈ పని చేసే అర్హత ఉందా అని. ఉంది. కానీ ఒంటరిగా చేయకండి. కనీసం ఇద్దరు వైకల్యం ఉన్నవారిని, అందులో ఒకరైనా పరిశోధనలో శిక్షణ ఉన్నవారిని, సలహాదారులుగా కాదు, భాగస్వాములుగా పెట్టుకోండి. అంశం ఖాయమయ్యాక పిలిచి సంతకం పెట్టించుకోవడం కాదు, అంశం వెతికే దశలోనే. వ్యాసంలో వాళ్ల పేర్లు రచయితల్లో ఉండాలి. నాతో పదేళ్లుగా పనిచేస్తున్న సహ పరిశోధకుడు వీల్‌చైర్ వాడతాడు. ఏ ప్రశ్నపత్రం తయారైనా అతను మొదట అడిగేది "ఇది నింపడానికి నేను ఎక్కడికి రావాలి, అక్కడ బాత్రూమ్ తలుపు ఎంత వెడల్పు" అని. మా నమూనాలో తప్పిపోయేవారు సగం తగ్గింది ఆ ప్రశ్న వల్లే.

రేపు మీ గైడ్‌ను కలిసేటప్పుడు పూర్తి సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) తీసుకెళ్లకండి. మూడు నెలల గడువు అడగండి. ఆ మూడు నెలల్లో మీకు ఆసక్తి ఉన్న ఒక్క వైకల్యం తీసుకుని పది పదిహేను మందితో, ఇద్దరు ముగ్గురు సంరక్షకులతో, నలుగురు వైద్య సిబ్బందితో మాట్లాడండి. "పోయిన ఏడాదిలో వైద్యం కోసం వెళ్లి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన రోజు చెప్పండి" అని అడగండి చాలు, ప్రశ్నపత్రం అక్కర్లేదు. వచ్చినవాటిని రాసుకుని, ఏవాటికి ఇప్పటికే సమీక్షలు ఉన్నాయో చూసి కొట్టేయండి. మిగిలిన జాబితాను మళ్లీ అదే మనుషుల దగ్గరికి తీసుకెళ్లి వరస వేయించండి. అప్పుడు పైన నిలిచిన రెండు ప్రశ్నలు, మీరు అనుకుంటున్న నమూనా, ముఖ్యంగా మినహాయింపుల పేరా ఇక్కడే రాయండి. ఆ పేరాలో ఎవరెవరు బయట మిగిలిపోతున్నారో కలిసి చూద్దాం.